అస్థిపంజరానికి నాలుగో అర్థం

నిఘంటువు కార్యాలయంలో అందరూ ఆమెను కార్డులమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది టైపిస్టు. పంతొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే. కొత్త మాట కనబడితే కార్డు మీద రాయడం, వినబడితే కార్డు మీద రాయడం. అరచేతంత అట్టముక్క. పైన మాట, దాని కింద అర్థం, ఆ కింద దాన్ని ఎవరు ఎలా వాడారో ఒక వాక్యం, చివర తేదీ. బస్సులో ఎవరైనా పోట్లాడుకుంటుంటే మిగతావాళ్లు మొహం తిప్పుకుంటారు. ఆమె చేతిసంచిలో కార్డు వెతుక్కుంటుంది.

ఆ ఏడు మొదటి సంపుటాన్ని తిరగరాస్తున్నారు. 'అ' అక్షరం సగం దాటి 'అస్థి' దగ్గరికి వచ్చారు. టైపిస్టు ఆ కట్టలో 'అస్థిరం' కూడా కలిపేసింది.

"ఎముకలున్నది గట్టిగా నిలబడాలి గానీ అస్థిరం ఎలా అవుతుందమ్మా?" అన్నారు సంపాదకుడు.

ఆయన రిటైరైన హెడ్మాస్టరు. మూడు నెలలకోసారి ఇలాంటి మాట ఒకటి అని, తనే నవ్వుకుని, మళ్లీ మొహం గంభీరంగా పెట్టేసేవారు. ఆయనకు ఇష్టమైన మాట 'ఆధారం'. ఏ అర్థం చెప్పినా ఆధారం ఉందా అని అడిగేవారు. టీ వేడిగా ఉందని చెప్పినా ఆధారం అడుగుతారని టైపిస్టు చాటుగా వెక్కిరించేది.

పాత కూర్పులో అస్థిపంజరానికి ఒకటే వరుస ఉంది: 'ఎముకల గూడు, కంకాళము.' అంతే. ఇన్నేళ్లలో ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చూసి రమ్మని సంపాదకుడు ఆమెకు అప్పగించారు.

ఆమె ముందు వైద్య కళాశాలకు వెళ్లింది. ఎముకల గది చూసుకునే అటెండరు గాజు బీరువా తలుపు తీసి, నిలువెత్తు అస్థిపంజరాన్ని తన పెద్దన్నను పరిచయం చేసినట్టు పరిచయం చేశాడు.

"మా సీనియరమ్మా. నేను చేరకముందు నుంచీ డ్యూటీలో ఉన్నాడు. ఒక్కరోజు సెలవు పెట్టలేదు."

ఆమె నవ్వుతూ రాసుకుంటుంటే అతను మళ్లీ అన్నాడు. "చచ్చిపోయాకే మనిషి అస్థిపంజరం అవుతాడనుకుంటారందరూ. మరి ఇప్పుడు మీరు నిలబడింది దేని ఆసరాతో?"

ఆ మాట ఆమెకు నచ్చింది. పాత అర్థం కొట్టేసి, 'దేహాన్ని నిలబెట్టే ఎముకల కూర్పు' అని రాసింది. అది మొదటి అర్థం.

రెండోది ఆమె రోజూ బస్సు కిటికీలోంచి చూసేదే. నాలుగేళ్లుగా పని ఆగిపోయి, గోడలు లేకుండా స్తంభాలూ దూలాలూ మాత్రం నిలబడిన ఒక భవనం. పక్క వీధిలో వేరే ఇల్లు కడుతున్న మేస్త్రీని ఆపి అడిగింది.

"మేమైతే దాన్ని ఫ్రేము అంటామండీ," అన్నాడు మేస్త్రీ. "పని నడుస్తున్నన్నాళ్లూ ఎవరూ అస్థిపంజరం అనరు. ఆగిపోయిన మర్నాటి నుంచి అందరూ అదే అంటారు."

కాలిపోయి ఊచలు మాత్రం మిగిలిన బస్సు గురించిన పేపరు వార్త కూడా దానికే జతపడింది. మూడో అర్థం వ్యాసాలకూ ఉపన్యాసాలకూ ముందుగా వేసుకునే ముక్తసరి నమూనా. దీన్ని చూసి సంపాదకుడు ముక్కు ఎగబీల్చారు. "ఇది పరాయి వాసన కొడుతోందమ్మా. మనవాళ్లు చట్రం అంటారు." ఆధారాలు మూడు ఉన్నాయి గనక కాదనలేక, పక్కన 'అరుదు' అని రాయించారు.

నాలుగో అర్థానికి ఆమె ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది. 'మిక్కిలి సన్నగా ఉన్న మనిషి' అని గబగబా రాసింది. అచ్చులో 'అస్థిపంజరంలా ఉన్నాడు' అన్న పోలికలు బోలెడున్నాయి. ఏకంగా మనిషినే ఆ మాటతో పిలిచిన ఆధారం ఒక్కటీ దొరకలేదు. కానీ ఆమెకు ఒకటి తెలుసు. రాసేసింది.

'ఇదిగో అస్థిపంజరం వస్తోంది, ఫ్యాను ఆపండి, ఎగిరిపోతుంది.'

ఆ వాక్యం ఆమెదే. అప్పుడు ఆమెకు ఏడేళ్లు, అక్కకు పదకొండు. అక్కకు ఏదో మొండి జ్వరం వచ్చి నలభై రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి వచ్చేసరికి చెంపలు పీక్కుపోయి, మెడ కింద ఎముకలు గిన్నెల్లా తేలి ఉన్నాయి. సరిగ్గా ఆ వారమే బడిలో టీచరు గోడకు పటం తగిలించి అస్థిపంజరం అన్న మాట నేర్పింది. కొత్త మాట నోట్లో ఉన్న పిల్ల ఊరుకుంటుందా? అక్క గదిలోకి అడుగుపెట్టగానే అనేసింది. నాన్న నవ్వాడు. మేనత్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అమ్మ కోప్పడబోయి, ఆమె కూడా నవ్వేసింది. అక్కా నవ్వింది. ఆ రోజు నుంచి ఇంట్లో అదే పేరు.

కార్డు చివర ఆమె '(హాస్యం)' అని రాసి సంపాదకుడి బల్ల మీద పెట్టింది.

ఆయన కార్డును కళ్లజోడుకు దగ్గరగా పట్టుకుని రెండుసార్లు చదివారు. "హాస్యం అన్నారు. ఎవరికి?"

"అంటే... అందరికీ సార్. ఇంట్లో అనుకునే మాటే."

"మాట అన్నవాళ్ల దగ్గర ఆధారం తెచ్చారు. పడ్డవాళ్ల దగ్గర?"

"అడిగి చెప్తాను సార్," అంది.

*

అక్కకు బస్టాపు వెనక వీధిలో కుట్టుదుకాణం ఉంది. రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడకు నిలువుటద్దం. ఇప్పుడు అక్క నిండైన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయని, బరువు తగ్గాలని డాక్టరు ఎక్సరే చూపించి మరీ చెప్పాడు. ఆదివారం దుకాణం మూసే ఉంటుంది గానీ అక్క లోపలే ఉంటుంది. చెల్లెలు వెళ్లేసరికి ఒక తెల్లచొక్కాకి కాజాలు కుడుతోంది.

"ఆఫీసు పనక్కా. ఒక మాట అడగాలి."

"అడుగు. చేతులకే పని, చెవులకి కాదుగా."

"చిన్నప్పుడు నిన్ను అస్థిపంజరం అనేవాళ్లం, గుర్తుందా?"

సూది ఆగలేదు. "అనేవాళ్లం ఏంటి చిట్టీ. అనేదానివి. మిగతావాళ్లు నీ దగ్గర నేర్చుకున్నారు."

"అదేలే. నీకు నవ్వొచ్చేది కదా? మా సార్ అది తేల్చుకు రమ్మన్నారు."

అక్క దారం పంటితో కొరికి, చొక్కా పక్కన పెట్టింది.

"నవ్వేదాన్ని," అంది. "నవ్వొచ్చేది కాదు."

మాటల్ని విడదీసి చూడటమే ఉద్యోగమైన మనిషికి ఆ రెండింటి మధ్య తేడా ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కార్డులమ్మ అప్పటికే పెన్ను మూత తీసి ఉంది. మళ్లీ పెట్టేసింది.

అక్క కోపంగా ఏమీ చెప్పలేదు. ఎవరో ఇచ్చిన కొలతలు చదువుతున్నట్టు చెప్పుకుపోయింది. ఎండాకాలంలో కూడా ఒకదాని మీద ఒకటి రెండు గౌన్లు వేసుకునేదట. జ్వరం తర్వాత చలి తగ్గలేదని అందరికీ చెప్పేదట. అమ్మ మిషను మీద, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాత తువ్వాలు కత్తిరించి గౌను భుజాల లోపల నాలుగు మడతలు వేసి కుట్టుకుందట.

"నా మొదటి కుట్టు అదే. భుజాలున్నట్టు కనబడాలని."

"స్కూలు వార్షికోత్సవంలో నీకు రాణి వేషం ఇచ్చారు కదా. దగ్గొచ్చి మానేశావు. నేను వేణ్ణీళ్లు కూడా తెచ్చిచ్చాను."

"తెచ్చావు. పాపం, మెట్ల మీద సగం ఒలకబోసుకుంటూ తెచ్చావు. దగ్గు రాలేదే. చేతుల్లేని గౌను వేసుకోమన్నారు."

కార్డులమ్మ చూపు గోడకు వేలాడుతున్న టేపు మీద పడింది. అక్క ఎవరి కొలత తీసినా అంకె పైకి చదవదు. పెదాలు కూడా కదపకుండా పుస్తకంలో రాసుకుని, పుస్తకం మూసేసి, 'మీకు బాగుంటుందండీ' అంటుంది. మనిషి లావైనా సన్నమైనా అదే మాట. అది వ్యాపారం చేసేవాళ్ల నేర్పు అని ఇన్నాళ్లూ అనుకుంది కార్డులమ్మ. ఆ సంగతి మెచ్చుకుంటూ ఒకరిద్దరికి చెప్పింది కూడా.

"నాకేం తెలుసక్కా? ఏడేళ్ల పిల్లని."

"ఏడేళ్లకి తెలీదు. నిజమే. నేనెప్పుడూ కాదనలేదు." అక్క మళ్లీ చొక్కా అందుకుంది. "పద్నాలుగుకి?"

"పద్నాలుగుకేంటి?"

"నేను కుట్టు స్కూల్లో చేరాక. అక్కడ ఎవరికీ ఆ పేరు తెలీదు. ఆర్నెల్లు హాయిగా ఉన్నాను. ఓ రోజు నాతో నేర్చుకునే ఇద్దరు మన ఇంటికొచ్చారు. నువ్వు గుమ్మంలో నిలబడి, 'మా అస్థిపంజరం లోపలుంది, నడుస్తుంటే కటకటమంటుంది వినండి' అన్నావు. మర్నాటి నుంచి స్కూల్లో కూడా మొదలు."

కార్డులమ్మ ఎంత వెతుక్కున్నా అది గుర్తుకు రాలేదు. ఆ గుమ్మం గుర్తుంది. కుట్టు స్కూలు గుర్తుంది. కటకట అన్న మాట తను అనగలిగిందే అని కూడా తెలుస్తోంది. కానీ అన్న గుర్తు మాత్రం లేదు.

"నేనలా అన్నానా?"

"తేదీ కూడా చెప్పనా? కార్డు మీద రాసుకుంటావా?"

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచి, అనకూడనిదే అంది. "పోనీలే అక్కా, దానివల్లేగా నీకు కుట్టు వచ్చింది."

అక్క తలెత్తి చూసింది. ఆ మధ్యాహ్నం మొత్తంలో ఆమె గొంతు పెరిగింది అప్పుడే. "కుట్టు నాకు వచ్చింది చిట్టీ. నేను నేర్చుకుంటే వచ్చింది. అది కూడా నీ ఖాతాలో వేసుకోకు."

కార్డులమ్మ నాలుక కరుచుకుంది. బస్సు ఉందని చెప్పి లేచింది. అక్క ఉండమనలేదు, పొమ్మనలేదు. కాజా పూర్తి చేసుకుంటూ ఉండిపోయింది.

*

ఆ వారం కార్డులమ్మ ఏ పనీ కుదురుగా చేయలేదు. 'అస్పష్టం' కార్డు మీద 'స్పష్టం' అర్థం రాసి టైపిస్టు చేత చివాట్లు తింది. అన్నిటికంటే ఆమెను తొలిచేసింది గుర్తు లేకపోవడం. ఎవరో ఎక్కడో వాడిన మాటల్ని వేలకు వేలు దాచిపెట్టింది. తన నోటి నుంచి వచ్చిన దాన్ని మాత్రం దాచుకోలేదు. అక్క దాచింది. నలభై ఏళ్లు భద్రంగా దాచి, అడిగితే గానీ తీయలేదు. అడక్కపోతే ఎప్పటికీ తీసేది కాదు.

శుక్రవారం నాటికి ఒక నిర్ణయానికి వచ్చింది. నాలుగో అర్థం తీసేస్తుంది. అచ్చులో ఆధారం లేదు కాబట్టి సంపాదకుడు మారుమాట్లాడరు. భోజనాల వేళ వరండాలోకి వెళ్లి అక్కకు ఫోను చేసింది.

"ఆ అర్థం తీసేస్తున్నానక్కా."

అవతల మిషను చప్పుడు ఆగింది. "ఎందుకు?"

"నిన్ను బాధపెట్టింది కదా."

"తీసేస్తే ఏమవుతుంది? ఎవరూ ఎవర్నీ అనలేదని అవుతుందా?"

"అది కాదు..."

"మొన్న ఒకామె కూతుర్ని తీసుకొచ్చింది. పన్నెండేళ్లుంటాయి. కొలత తీస్తుంటే తల్లి నవ్వుతూ, 'దీనికి బట్ట ఎందుకండీ, ఎముకలకి గుడ్డ చుట్టండి చాలు' అంది. పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. తీసెయ్యకు. ఉంచు. పక్కన ఏం రాయాలో నేనొచ్చి చెప్తా. మీ ఆఫీసు ఎన్నో అంతస్తు?"

"మూడు. లిఫ్టు లేదు. నీ మోకాళ్లు..."

"మోకాళ్ల సంగతి మోకాళ్లు చూసుకుంటాయి."

పంతొమ్మిదేళ్లలో అక్క ఆ ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు. సోమవారం పదిన్నరకు వచ్చింది. ప్రతి మలుపులోనూ ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఎక్కింది. టైపిస్టు పరిగెత్తి కుర్చీ వేసింది. సంపాదకుడు లేచి నమస్కారం పెట్టారు. మాట పడ్డ మనిషి ఈవిడేనని, అన్నది తనేనని కార్డులమ్మ ఆయనకు చెప్పింది. ఆ రెండు వాక్యాలు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆయన ఆమె వంక చూడలేదు. కార్డు తీసి అక్క ముందు పెట్టారు.

అక్క కళ్లజోడు పెట్టుకుని చదివింది. "తేదీ తప్పు," అంది ముందు. "జూన్ కాదు, జూలై. బడి తెరిచిన నెలకి నేను ఇంటికొచ్చాను."

కార్డులమ్మ దిద్దింది.

"ఈ హాస్యం అన్నది కొట్టేయండి."

"ఏం రాయమంటారు?" అన్నారు సంపాదకుడు.

"అనేవాళ్లు నవ్వుతూ అంటారు, పడేవాళ్లకి నవ్వు రాదు. అది రాయండి."

ఆయన గడ్డం రుద్దుకున్నారు. "అంత పొడుగు వీలుపడదమ్మా. ఒక్కో మాటకి అంతంత రాస్తే పుస్తకం బండి మీద మోయాలి. పైగా మాట ఎలా వాడతారో చెప్పడమే మా పని. విన్నవాళ్లకి ఎలా ఉంటుందో నిఘంటువు చెప్పదు."

"ఎందుకు చెప్పదండీ? అర్థంలో సగమే రాస్తే చాలా?"

టైపిస్టు చేతులు ఆపేసి చూస్తోంది. సంపాదకుడు కార్డును తన వైపు లాక్కున్నారు. తర్వాత పెన్ను తీసుకుని, కొట్టి, రాసి, మళ్లీ కొట్టి, చివరకు కార్డును అక్క వైపు తిప్పారు.

'4. మిక్కిలి సన్నగా ఉన్న మనిషి. (హేళన, హాస్యమని అంటారు.)'

"ఆ 'అని' ఉంది చూశారూ," అన్నారు. "హాస్యం అని రాస్తే మేం ఒప్పుకున్నట్టు. హాస్యమని అంటారు అని రాస్తే, అలాగని వాళ్లంటున్నారు, మేం మాత్రం అనడం లేదు అని. మీరు చెప్పిందంతా ఆ 'అని'లోనే ఇరికించాను."

"నాకంత వ్యాకరణం తెలీదండీ," అంది అక్క. రెండోసారి చదువుకుంది. "సరే. ఉండనివ్వండి."

పని అయిపోయింది గనక లేవవచ్చు. కానీ అక్క బల్ల మీదున్న మిగతా కార్డుల వైపు చూస్తోంది. పక్కనే 'అస్తరు' ఉంది. అనుమతి అడక్కుండానే తీసి చదివింది. 'వస్త్రమునకు లోపల వేయు గుడ్డ.'

"ఎవరు రాశారిది?"

"పాత కూర్పులోదే," అన్నారు సంపాదకుడు.

"ఆయనెప్పుడైనా కోటు విప్పి చూశాడా? లోపల వేసే ప్రతి గుడ్డా అస్తరు కాదండీ. కాలరులో వేసేది బిగువు కోసం, అది వేరు. అస్తరు ఒంటికి తగిలేది. పైబట్ట కుట్లు గీసుకోకుండా, చెమటకి పైబట్ట పాడవకుండా. ఎప్పుడూ పైబట్ట కంటే వేలెడు వదులుగా ఉండాలి, లేకపోతే మనిషి చెయ్యెత్తగానే చిరుగుతుంది."

సంపాదకుడి మొహం వెలిగిపోయింది. ఆధారం తనంతట తాను మూడంతస్తులు ఎక్కి రావడం ఆయన ఉద్యోగంలో అదే మొదలు. "రాయండమ్మా, రాయండి," అని కార్డులమ్మను తొందరపెట్టారు. తర్వాత గంటసేపు ఆ గదిలో అంచు, అతుకు, అంగీ, అల్లిక అన్నీ బయటికి వచ్చాయి. సగం కార్డుల మీద అక్క గీతలు పెట్టించింది.

దిగేటప్పుడు అక్క ఒక చేత్తో మెట్ల కమ్మీ, ఒక చేత్తో చెల్లెలి భుజం పట్టుకుంది. రెండో అంతస్తు మలుపులో ఆగారు.

"తప్పు నాదేనక్కా," అంది కార్డులమ్మ. "ఏడేళ్లప్పటిది కూడా. కానీ పద్నాలుగుది ఎక్కువ."

అక్క ఊపిరి తీసుకుంటోంది. "ఊఁ," అంది.

"ఇంకా ఏమైనా అన్నానా?"

"చాలా అన్నావు. మంచివి కూడా ఉన్నాయిలే. అన్నీ ఇవాళే చెప్పలేను, కింద ఆటో వాడు ఆగమన్నాడు."

అప్పటి నుంచి గురువారాలు సాయంత్రం నాలుగింటికి అక్క ఆఫీసుకు వస్తోంది. మూడంతస్తులు ఎక్కలేక సంపాదకుడితో మాట్లాడి, కింద గుమాస్తాల గదిలో ఒక బల్ల సంపాదించింది. కార్డులమ్మే కట్టలు మోసుకుని దిగుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బట్టల మాటలు చూస్తారు. ఒక్కోసారి పని మధ్యలో, తల ఎత్తకుండానే, అక్క చిన్నప్పటిది ఏదో ఒకటి చెబుతుంది. కార్డులమ్మ వింటుంది. రాసుకోదు.

ఒక గురువారం అక్క చెప్పింది తప్పు. అన్నం రెండోసారి వడ్డించబోతే 'అస్థిపంజరానికి కడుపుంటుందా' అన్నది కార్డులమ్మ కాదు, మేనత్త. ఆ వంటిల్లు, మేనత్త చేతిలో గరిటె, ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి. ఆ రోజు తను అసలు నోరు విప్పలేదు. కాదు అక్కా అని చెప్పబోయి, ఊరుకుంది.

"టీ తాగుదామా?" అంది.

"ముందు ఇది తేల్చు," అంది అక్క, అంగీ కార్డు ముందుకు జరుపుతూ. "దీనికి బొత్తాలు ఎన్నని రాశారో చూడు."